వందకి ఎనభై నాలుగు

మా వీధిలో సాయంత్రం నాలుగున్నరకి అప్పడాల తూకం మొదలవుతుంది. పొద్దున్నే షావుకారు మనిషి వచ్చి పిండి ముద్దలు తూచి ఇచ్చి పోతాడు. ఆడవాళ్ళు వాటిని ఒత్తి, ఎండబెట్టి, సాయంత్రం తిరిగి తూచి అప్పగిస్తారు. ఒడిశాలోని మా బరంపురం అప్పడాల పేరు చాలామంది వినే ఉంటారు గానీ, ఈ తూకం దగ్గర రోజూ జరిగే తగాదా మాత్రం మా వీధి దాటి బయటికి రాదు. ఐదు కిలోల ముద్దకి నాలుగు కిలోల రెండొందల గ్రాముల అప్పడాలు రావాలని మా షావుకారు లెక్క. తగ్గితే కూలిలో కోత. ఎక్కువొస్తే 'తేమ ఉంది, ఆరలేదు' అని అప్పుడూ కోతే.

పోయిన వానాకాలంలో ఒకరోజు పక్కింటావిడ ఒంట్లో బాగోక మూడున్నర కిలోల ముద్దే తీసుకుంది. మరి ఎంత రావాలి? షావుకారు మనిషి ఫోన్ తీసి లెక్క వేసేలోపే, తక్కెడ పక్కన గొంతుక్కూర్చున్న ఆవిడ కొడుకు, తొమ్మిదో తరగతి కుర్రాడు, చెప్పేశాడు. "మూడు కిలోలకి రెండున్నర మీద ఇరవై. అరకి నాలుగొందల ఇరవై. మొత్తం రెండు కిలోల తొమ్మిదొందల నలభై." ఫోనూ అదే చెప్పింది.

ఆ రాత్రి వాడు మా అరుగు మీదికి చదువుకోడానికొస్తే, కావాలనే వాడి నోట్సులో ఒక లెక్క రాశాను. 3,500లో 84 శాతం ఎంత? వాడు చాలాసేపు దానివంక చూశాడు. 84 కింద గీత గీసి 3,500 వేశాడు. కొట్టేసి, 3,500 కింద 84 వేశాడు. పక్కవాడి నోట్సులోకి ఒక చూపు చూసి, ఆఖరికి పెన్ను మూసేశాడు.

"రాదు బాబాయ్."

"వందకి ఎనభై నాలుగు చొప్పున అయితే, మూడు వేల ఐదొందలకి ఎంతరా?"

వాడు తలెత్తాడు. "ఇది మా అప్పడాల లెక్కేటి?"

కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాకు నవ్వు రాలేదు.

వాడికి ఒకే సంగతికి మూడు పేర్లున్నాయి. బళ్ళో ఒడియా పుస్తకంలో శతకడా. ట్యూషన్ సారు నోట్లో పర్సెంట్. నా నోట్లో శాతం. ఈ మూడింట్లో ఏదీ వాడిది కాదు. వాడిది 'వందకి ఇంత'. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి, తనకి శాతాలు రావని వాడు మూడేళ్ళుగా నమ్ముతున్నాడు. రిపోర్టు కార్డు కూడా అదే మాట అంటోంది. బరంపురంలో చదువు బాగుపడాలని ఉపన్యాసాలు చాలా విన్నాను, రెండు మూడు నేనూ ఇచ్చాను. స్మార్ట్ క్లాసు, ప్రొజెక్టరు, కొత్త రంగు గోడలు, అన్నీ మంచివే. కానీ ఈ ఊరు తన పిల్లలకి ఇప్పటికే నేర్పేసినదేమిటో అడగని సంస్కరణ సగం దారిలోనే ఆగిపోతుందని నా వాదన. బయట నేర్చుకున్నదాన్ని పిల్లలు చెప్పులతో పాటు బడి గుమ్మం దగ్గరే వదిలేసి లోపలికి వెళ్తున్నారు.

ఇది ఒక్క మా వీధి ముచ్చట కాదు. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో సంతల్లో కొబ్బరికాయలు, పళ్ళూ అమ్మే పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 1985లో అచ్చయింది. సరుకు కొంటూ అడిగిన లెక్కల్లో వాళ్ళు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37కి పడిపోయారు. అందులో పిల్లలు ఐదుగురేలే అని కొట్టిపారేసేవాళ్ళకి 2025లో ఇంకోటి వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలతో చాలా పెద్ద ఎత్తున చేసి, నేచర్ పత్రికలో అచ్చేసింది. అక్కడా కథ అదే. బేరంలో తడబడని పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం దాని రెండో సగం. బజారు పని చేయకుండా బడికి మాత్రమే వెళ్ళే పిల్లలు కాగితం మీద లెక్క చేసేశారు, బజారు లెక్క దగ్గర తెల్లమొహం వేశారు. అంటే నష్టపోతున్నది అప్పడాల పిల్లలొక్కరే కాదు. ఇంగ్లీషు మీడియంలో మొదటి ర్యాంకు తెచ్చుకునే మా అన్నయ్య కూతురిని కూరగాయల బండి దగ్గరికి పంపితే చిల్లర లెక్క కోసం ఫోన్ తీస్తుంది. దాని సంగతి ఇక్కడ రాసినందుకు నా మీద అలుగుతుంది, తెలుసు.

మా అరుగు గురించి చెప్పాలి. 2020లో మార్చి నుంచి బళ్ళు మూతపడ్డాయి. ఆన్‌లైన్ క్లాసులన్నారు. మా వీధిలో చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒకే ఫోను, అది తండ్రి జేబులో ఉండేది. మే నెల నుంచి సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మా గంజాం జిల్లా కుర్రాళ్ళు శ్రామిక్ రైళ్ళలో తిరిగొచ్చారు. క్వారంటైన్ ముగించుకుని వాళ్ళు ఇంటికి చేరాక వీధిలో ఒక కొత్త పరిస్థితి. పనిలేని పెద్ద కుర్రాళ్ళు, బడిలేని చిన్న పిల్లలు. మా రామమందిరం అరుగు ఖాళీగా ఉంది. బల్బు ఒకటి వేలాడదీశాం. అంతే, దానికో పేరు కూడా పెట్టలేదు.

మొదట్లో నేను చేసింది ట్యూషనే. బ్యాంకు పని ముగించుకొచ్చి, బ్లాక్ బోర్డు ముందు నిలబడి, బళ్ళో చెప్పిన పాఠాన్నే ఇంకోసారి చెప్పేవాణ్ణి. పిల్లలు నిద్రపోయేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు, పగలంతా ఫోన్లో అర్థంకానిదాన్ని రాత్రి నా నోటి నుంచి మళ్ళీ వినాలి మరి. ఇరవై రెండు మందితో మొదలై నెల తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు. అప్పుడు సూరత్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, చదువు ఎనిమిదితో ఆపేసినవాడు, మూల కూర్చుని పిల్లలకి గేరు చక్రాలు బొమ్మ గీసి చూపిస్తుంటే చూశాను. పెద్ద చక్రానికి 60 పళ్ళు, చిన్నదానికి 20 ఉంటే, పెద్దది ఒక్క చుట్టు తిరిగేసరికి చిన్నది ఎన్ని చుట్లు తిరగాలి? తప్పు చెప్పినవాడి నెత్తి మీద మొట్టికాయ. ఒక్కడికీ నిద్ర రావడం లేదు. నా బోర్డు పక్కకి జరిపేశాను.

పెద్ద పిల్ల చిన్న పిల్లకి చెప్పడం కొత్తేమీ కాదు. మన వీధి బడుల్లో ఇసుకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దించిన తీరు అదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆండ్రూ బెల్ అనే దొర మద్రాసులో ఇసుక మీద పిల్లలు దిద్దుకోవడం చూసి, పిల్లల చేతే పిల్లలకి చదువు చెప్పించే పద్ధతిని కట్టుదిట్టం చేసి, 1797లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి' అయి కూర్చుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బళ్ళ లెక్కలు తీయమంటే, 1826 నాటికి తేలిన సంఖ్య 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోదే కాబట్టి మా ఊళ్ళ అరుగులూ ఆ లెక్కలో ఉన్నాయి. ఆ బళ్ళని నడిపింది ఎక్కువగా ఊళ్ళే. దసరాకి పిల్లలు గిలకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, అయ్యవారికి వరహాలు, తమకి పప్పుబెల్లాలు అడిగి తెచ్చేవాళ్ళు.

ఇది చెప్పగానే కొందరు కళ్ళు తుడుచుకుని 'ఆహా, ఆ రోజులు' అంటారు. నేను అనను. ఆ అరుగుల మీద ఆడపిల్లలు ఎక్కడోగానీ ఉండేవారు కాదు. మా నేతపని వాళ్ళ పిల్లలు ఎంతమంది ఎక్కారో అనుమానమే, ఇంకా కింద పెట్టినవాళ్ళనైతే చేరనివ్వలేదు. ఊరు నడిపినంత మాత్రాన బడి ఊరందరిదీ అయిపోదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. సమాజమే బడి, చేతిపనే చదువు అన్న మాటలు వినసొంపుగా ఉంటాయి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెటూళ్ళ ప్రాథమిక బళ్ళలో ఒక పద్ధతి పెట్టింది. పిల్లలు రోజుకి మూడు గంటలు బళ్ళో ఉండాలి, మిగతా పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. కుమ్మరి కొడుకు కుమ్మరిసారె దగ్గర, చాకలి కొడుకు రేవు దగ్గర. దాన్ని కులవిద్య అని జనం తిప్పికొట్టారు. మరుసటేడు రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి రద్దు చేశారు. మంచిపని చేశారు. మా నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నలభై ఏళ్ళు కూర్చున్నాడు. చివరి పదేళ్ళూ మోకాళ్ళు పట్టేసి, లేవాలంటే నా భుజం కావాల్సొచ్చేది. నా చేతికి మాత్రం మగ్గం నాడె ఇవ్వలేదు. నన్ను మగ్గం గది గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఆయన అలా చేసి ఉండకపోతే నేను బ్యాంకులో ఉండేవాణ్ణి కాదు.

అందుకే మా అరుగు మీద ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరింటి పని వాళ్ళ పిల్లలకి ఇక్కడ నేర్పకూడదు. మగ్గం ఇంటి పిల్ల మోటారు వైండింగ్ కొట్టుకి వెళ్తుంది. మెకానిక్ కొడుకు మగ్గం దగ్గరికి వస్తాడు. అప్పడాల కుర్రాడు ప్రింటింగ్ ప్రెస్సుకి. ఆదివారం ఒక పూట మాత్రమే, అదీ ఎనిమిదో తరగతి దాటినవాళ్ళకే. పని చేయించుకోకూడదు, చూపించాలి, అడిగినదానికి చెప్పాలి. చూపించినవాళ్ళకి చందాల్లోంచి పూటకి రెండొందలు ఇస్తాం. ఒద్దన్నా ఇస్తాం, గురువుకి ఇవ్వాల్సింది ఇవ్వాలి కదా.

మెకానిక్ కొడుకు మొదటి ఆదివారం మగ్గం దగ్గర ఎలా ఉన్నాడో చెప్తాను. మా వీధి చివర ఒక పెద్దాయన ఇంకా నేస్తున్నారు. బరంపురం పట్టు అంచుకి గుడి గోపురాల్లా పళ్ళు పళ్ళుగా వచ్చే ఫోడా కుంభ అంచు ప్రత్యేకం, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుర్తింపు వచ్చింది గానీ మగ్గాలు తగ్గిపోయాయి, అది వేరే ఏడుపు. వీడు వెళ్ళి మగ్గం మీది పోగు ఒకటి లాగి, "ఇది తెగితే ఏటి చేస్తావు తాతా?" అన్నాడు. పెద్దాయన మాట్లాడకుండా ఒక పోగు పుటుక్కున తెంపి, రెండు కొసలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఒక్క నలుపు నలిపారు. అతుకు కనపడలేదు. వీడు ప్రయత్నించాడు. పదకొండుసార్లు ఊడింది. పన్నెండోసారి నిలబడింది. అప్పుడు ఆయన అంచు చూపించి, ఒక్కో గోపురానికి ఎన్ని పోగులు లేవాలో, ఒక్క పోగు తప్పితే గోపురం ఎటు ఒరుగుతుందో చెప్పారు. వీడు ఇంటికొచ్చి గళ్ళ కాగితం మీద ఆ అంచు గీశాడు. బళ్ళో గ్రాఫుల పాఠం రెండు నెలల తర్వాత వచ్చింది. 'ఎక్స్ పెరిగితే వై ఎంత' అని సార్ అడిగితే, గోపురం వాలు గుర్తొచ్చిందట. వీడు నేతగాడు అవడు. అవాలని ఎవరూ అనుకోవడం లేదు కూడా.

2020 జాతీయ విద్యా విధానంలో ఇలాంటిదే ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడో ఒకసారి పది రోజులు సంచీ లేని బడి. పిల్లలు ఊళ్ళోని వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోవాలని. ఆలోచన మంచిదే. ఆచరణలో నేను చూసినదేమిటంటే, బస్సెక్కించారు, ఒకచోట దింపారు, వరసలో నిలబెట్టి ఫోటో తీశారు, అరటిపండు ఇచ్చి వెనక్కి తెచ్చారు. ఆ బడికి నూరడుగుల దూరంలో వెల్డింగ్ షాపు ఉంది. అక్కడికి ఎందుకు పంపలేదంటే, పర్మిషన్, సేఫ్టీ, పైగా 'వాళ్ళేం చెప్తారండీ' అన్నారు. తుక్కు ఇనుముతో నిలువెత్తు బొమ్మలు చేసి చూపించిన ప్రభుత్వ ఐటీఐ ఉన్న ఊళ్ళో ఈ మాట.

భాష సంగతికొస్తాను, అది లేకుండా మా ఊరి చదువు గురించి మాట్లాడటం కుదరదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడిలో ఉంటున్న గిడుగు రామమూర్తి పంతులు, ఆ పట్టణాన్ని కొత్త రాష్ట్రంలో కలిపినందుకు నిరసనగా ఆ పొద్దునే ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళారు, మా తాతలు ఉండిపోయారు. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగా తెలుగువాళ్ళు ఆయన్ని ఆగస్టు 29న తలుచుకుంటారు. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక ఒక సంగతి మర్చిపోతారు. ఆయన మొదట బడిపంతులు. సవర గిరిజనుల పిల్లలకి వాళ్ళకి రాని భాషలో చదువు చెప్పడం ఏమిటని, సవర భాష వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో ఇంకో బడి పెట్టమన్నారు. గ్రాంథికంతో ఆయన తగాదా కూడా తరగతి గదిలో పుట్టిందే. పుస్తకంలో తెలుగు పిల్లవాడి నోట్లో తెలుగు కాకపోతే వాడు నేర్చుకునేది పాఠం కాదు, భయం. 'శాతం'కీ 'వందకి ఇంత'కీ మధ్య దూరం అదే.

నా సంగతి చెప్తాను. నాలుగో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఐదులో తెలుగు మాస్టారు రిటైరయ్యారు. ఆయన జాగాలో ఎవరూ రాలేదు. కొత్త సారు వస్తారని సంక్రాంతి దాకా ఎదురుచూసి, మమ్మల్ని ఒడియా సెక్షన్లో కలిపేశారు. వీధిలో ఒడియాలో తిట్టుకోవడం, బేరమాడటం అన్నీ వచ్చు. కానీ 'జలచక్రం' గురించి ఒడియాలో ఐదు వాక్యాలు రాయమంటే చెయ్యి కదల్లేదు. ఆ ఏడాదంతా నేను క్లాసులో నోరు విప్పలేదు. టీచరు మా అమ్మని పిలిచి, పిల్లాడు మందమతి అన్నారు. మా అమ్మకి ఆ ఒడియా మాట తెలీక, మెచ్చుకున్నారేమోననుకుని నవ్వుతూ ఇంటికొచ్చింది.

చట్టాలు లేకపోలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టం బోధన మాతృభాషలో ఉండాలంది, 'ఆచరణలో వీలైనంత వరకు'. 2020 విధానమూ అదే అంది, 'వీలున్న చోటల్లా'. ఈ 'వీలు' అనే సందులో మా పిల్లలు జారిపోతున్నారు.

అయినా అంతా తెలుగు మీడియం చేసేయండి అని నేను అడగను. దీనికి మా సాహితీ మిత్రులకి నా మీద కోపం. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా రాయడం రావాలి. మా పిల్లల స్నేహాలు ఒడియాలో, సినిమాలు తెలుగులో, ఆశలు ఇంగ్లీషులో. నేనడిగేది చిన్నది. లెక్కని ఏ భాషలో ఆలోచిస్తే తడుతుందో ఆ భాషలో ఆలోచించనివ్వండి, క్లాసులో పిల్లలు తమలో తాము తెలుగులో గుసగుసలాడితే తిట్టకండి, అది మాట్లాడటం కాదు, అర్థం చేసుకోవడం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. మా అరుగు మీద ఒక గోడకి చార్టు ఉంది. మూడు గడుల్లో శాతం, శతకడా, పర్సెంట్. నాలుగో గడిలో పిల్లల మాట. ఆ నాలుగో గడే ముందు నిండుతుంది.

మా దగ్గరా అంతా బాగుందని కాదు. డిసెంబరు వచ్చేసరికి పదో తరగతి పిల్లలు మాయమవుతారు, మెట్రిక్ పరీక్ష టెన్షన్. ఒకాయన వచ్చి నిలదీశాడు. "మార్కులు వస్తాయని పంపితే మా వాడిని మోటారు కొట్టుకి పంపుతారా? ఆ కొట్టులోంచి బయటపడాలనే కదా మా తిప్పలు?" ఆయనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మీవాడు కొట్టు పని నేర్చుకోడానికి వెళ్ళలేదు, కరెంటు పాఠం చూడ్డానికి వెళ్ళాడు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కొడుకుని మాన్పించాడు. పరీక్ష మార్కులే గేటు అయినప్పుడు, గేటు గురించి అడిగే తండ్రిని నేను వెర్రివాడనలేను. అరుగులు ఎన్ని పెట్టినా ప్రశ్నపత్రం మారనిదే ఇది పక్క పనిగానే ఉంటుంది.

మరి బడి లోపల మనకి చోటు లేదా అంటే, కాగితం మీద ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. ఎంత గొప్ప మాటో చూడండి. మా వదిన ఒక బడి కమిటీలో సభ్యురాలు. ఆ సంగతి ఆవిడకి ఏడాదిన్నర తర్వాత తెలిసింది. ఎవరో రిజిస్టరు పట్టుకుని ఇంటికొస్తే, రేషన్ కార్డు పనేమో అనుకుని సంతకం పెట్టేసిందట. మీటింగులు జరిగాయి, ఆవిడ హాజరైంది, తీర్మానాలు బలపరిచింది, అన్నీ ఆ రిజిస్టర్లోనే.

మొన్న మార్చిలో మొదటిసారి నిజంగా వెళ్ళింది. మీటింగ్ గురువారం పదకొండింటికి. అప్పడాలు ఎండలో వేసే వేళ. అటు ఆరబెట్టినవాటికి పక్కింటావిణ్ణి కాపలా పెట్టి, ఇటు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. వచ్చిన తల్లులు ముగ్గురు. తెలుగులో రెండు ప్రశ్నలు అడిగింది. హెడ్మాస్టరు గారు మంచి మనిషే, ఒడియాలో ఓపిగ్గా సమాధానం చెప్పారు, ఇద్దరికీ సగం సగం అర్థమైంది. ఒక ప్రశ్న బాత్‌రూం తలుపు గురించి. రెండోది, మీటింగు సాయంత్రం ఐదు తర్వాత పెట్టొచ్చు కదా అని. అలాంటివి రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు.

ఆ అర్జీ మా అరుగు మీదే తయారైంది. వదిన తెలుగులో చెప్తుంటే, పదో తరగతి చదివే మగ్గం ఇంటి పిల్ల ఒడియాలో రాసింది. 'అప్పడాల వేళ' అన్న మాటని ఒడియాలో ఎలా రాయాలో తేలక పది నిమిషాలు వాదించుకున్నారు. చివరికి 'పని వేళ' అని రాశారు, వదిన ఒప్పుకోలేదు, అప్పడాలనే ఉండాలంది. కొట్టేసి మళ్ళీ రాశారు. సంతకం పెట్టే ముందు వదిన ఈసారి దాన్ని రెండుసార్లు చదివించుకుంది.